ఏడో ఆకు మీది ఉప్పు

వర్దె ఇప్పటికీ ఉప్పు జాడీ మూత తీసే ముందు ఒకసారి పక్కింటి వైపు చూస్తుంది. ఆ అలవాటు ఆమెకు నలభయ్యో యేట అంటుకుంది. అంతకు ముందు మా కొండ మీద వర్దె అంటే ఒక నోరు, ఒక నవ్వు, ఒక మేక. నోరు ఊరంతా వినపడేది. నవ్వు దానికి తగ్గట్టే ఉండేది. మేక పేరు బర్షా. ఒళ్ళంతా మచ్చలు, బుద్ధంతా దొంగబుద్ధి. "ఈ ఇంట్లో నా మాట వినేది గాడిదొక్కటే" అని మొగుడు ఖత్తార్ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. "నీ భాష దానికి బాగా అర్థమవుతుంది మరి" అని వర్దె వంటింట్లోంచి జవాబిచ్చేది.

వాళ్ళింటికి దిగువన ఉమ్మ్ అస్సాఫ్ ఇల్లు. కొండవాలు కాబట్టి ఆవిడ మట్టి మిద్దె సరిగ్గా వర్దె పెరటికి సమానంగా ఉంటుంది. మధ్యలో మూరెడు సందు. మా వైపు తల్లిని పెద్దకొడుకు పేరు పెట్టే పిలుస్తాం. అస్సాఫ్ వాళ్ళమ్మ, అంతే. ఆవిడ అసలు పేరు చర్చి పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎండు అంజూరంలా ముడుచుకుపోయి ఉండేది. అయినా ఊళ్ళో ఆవిడ మాటకు ఫాదర్ గారి ప్రసంగం కంటే ఎక్కువ విలువ. బఠానీలు ఎప్పుడు విత్తాలో చెప్పేది ఆవిడే మరి.

బఠానీ సంగతి తెలియనివాళ్ళకు ఇదేం పెద్ద విషయంగా తోచదు. మొలకగా ఉన్నప్పుడు బఠానీ మొండిది, నెత్తిన మంచు పేరుకున్నా దులుపుకుని లేస్తుంది. పూతకు వచ్చిందా, ఒక్క తెల్లవారుజాము మంచు చాలు, పువ్వు నల్లబడి రాలిపోతుంది. పోనీ నిదానంగా విత్తుదామా అంటే, ఎండ ముదిరి కాయ నిండకముందే తీగ పసుపెక్కుతుంది. అందుకని మాకు రెండే అదనులు. ఒకటి ఫిబ్రవరిలో, పునీత మారూన్ పండుగనాడు. రెండోది మార్చి నడుమ, ముసలమ్మ రోజులు వెళ్ళాక. చలికాలం పోతూ పోతూ వెనక్కి తిరిగి కొట్టే ఏడు రోజులను మేము అలా అంటాం. చలి పోయిందని తొందరపడి సంబరం చేసుకున్న ఒక ముసలమ్మ ఆ రోజుల్లోనే చచ్చిపోయిందట. ముందు అదనులో విత్తినవాడికి కాయ ముందు వస్తుంది, సంతలో మంచి గిరాకీ. కాని ఏప్రిల్‌లో మంచు పడకూడదు. పడుతుందో లేదో ఉమ్మ్ అస్సాఫ్‌కు తెలుసు.

ఆవిడకు చెప్పేది ఉప్పు. సెప్టెంబరులో సిలువ పండుగ ముందు సాయంత్రం, ఊరంతా కొండల మీద మంటలు వేసే హడావుడిలో ఉంటే, ఆవిడ ఒక్కతే మిద్దెక్కి పన్నెండు అంజూరపు ఆకులు వరుసగా పరిచి ఒక్కోదాని మీద చిటికెడు ఉప్పు పెట్టేది. మొదటి ఆకు అక్టోబరు, రెండోది నవంబరు, అలా పన్నెండు నెలలు. తెల్లారి పూజకు వెళ్ళే ముందు చూసేది. ఏ ఆకు మీద ఉప్పు కరిగితే ఆ నెల తడి, చలి. పొడిగా ఉంటే ఆ నెల వెచ్చన. ఏడో ఆకు ఏప్రిల్‌ది. అందరూ కాచుకుని ఉండేది ఆ ఏడో ఆకు కబురు కోసమే. నలభై ఏళ్ళుగా ఆవిడ మాట తప్పలేదని చెప్పుకుంటాం. ఒకటి రెండుసార్లు తప్పి ఉంటే, గుర్తు పెట్టుకోకపోవడం మా మర్యాద.

ఆ యేడు మంటలు చూడ్డానికి పరుగెత్తే తొందరలో వర్దె మేకను కట్టడం మరిచిపోయింది. తెల్లవారాక చూస్తే గుంజ దగ్గర తాడుంది, మేక లేదు. పెరటి చివరికి పరుగెత్తింది. బర్షా సందు దాటి ఉమ్మ్ అస్సాఫ్ మిద్దె మీద నిలబడి, కళ్ళు సగం మూసుకుని తీరుబడిగా నములుతోంది. పన్నెండు ఆకుల్లో ఏడు లేవు. ఏడో ఆకు తొడిమ ఇంకా దాని నోటి నుంచి వేలాడుతోంది. వర్దె ఆ తొడిమ పట్టుకుని లాగింది. తొడిమ ఒక్కటే వచ్చింది.

కింద ఉమ్మ్ అస్సాఫ్ ముఖం కడుక్కుంటున్న చప్పుడు వినపడుతోంది. అంతకు నెల ముందే బర్షా ఆవిడ ఆరబోసిన గోధుమరవ్వ మెక్కింది. అప్పుడావిడ గుమ్మంలో నిలబడి, "ఇంకొక్కసారి నా మిద్దె మీద దీని గిట్ట పడిందంటే ఈస్టర్ దాకా ఆగను, ఆ ఆదివారమే కూరొండేస్తాను. నీకూ ఓ గిన్నె పంపిస్తాలే" అంది. నవ్వుతూనే అన్నా, అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ. వర్దె మేకను ఇవతలికి నెట్టింది. తన పెరట్లోని అంజూరం నుంచి ఏడు ఆకులు కోసింది. ఆలివ్ కాయలు ఊరవేయడానికి ఉంచుకున్న గల్లుప్పు గుప్పెడు తెచ్చి, కాస్త నలిపి, ఏడు ఆకుల మీదా ఏడు చిటికెలు పెట్టింది. ఉప్పే కదా, ఉప్పుకేం తెలుసు, అనుకుని చేతులు దులుపుకుంది.

ఉమ్మ్ అస్సాఫ్ మిద్దె మీద చాలాసేపు నిలబడిపోయింది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గలగలలాడే పొడి ఉప్పు. మే నుంచి సెప్టెంబరు దాకా, మా కొండ మీద చుక్క వాన పడని ఆ అయిదు నెలలూ, రాత్రి తేమ తాగి నీళ్ళు నీళ్ళు.

"చలికాలం ఎండట, ఎండాకాలం వానట" అంది ఆవిడ పూజ అయ్యాక చర్చి మెట్ల మీద. "నా జన్మలో ఇలాంటిది చూళ్ళేదు. అయినా ఆకేం చెబితే నేనూ అదే చెప్పాలి కదా. ఏప్రిల్ పొడిగానే ఉంది. మారూన్ పండుగనాడు విత్తుకోండి."

"అయితే ఆగస్టులో గొడుగులేసుకుని ద్రాక్షలు కోద్దాం" అన్నాడు ఖత్తార్. అందరూ నవ్వారు. వర్దె అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలా ఏళ్ళు ఆమె చెవుల్లోనే ఉండిపోయింది.

చెప్పడానికి ఆమెకు అయిదు నెలల గడువుంది. నవంబరులో కుండపోత వానలు పడ్డప్పుడు చెప్పొచ్చు. "పొడి అన్నావు కదా పెద్దమ్మా, చెప్పుల్లో కప్పలు దూరాయి" అని కుర్రకారు ఆటపట్టిస్తే, ఆవిడ "ఆరు ఆకులు తప్పినా ఏడోది తప్పదు, చూస్తూ ఉండండి" అని పంతం పట్టినప్పుడు చెప్పొచ్చు. క్రిస్మస్‌కు ఆవిడే బెల్లం పాకం మిఠాయి పళ్ళెం తెచ్చి ఇచ్చినప్పుడైనా చెప్పొచ్చు. ప్రతిసారీ మాట గొంతు దాకా వచ్చేది. ప్రతిసారీ వర్దె దాన్ని మింగేది. ఆలస్యమైన కొద్దీ ఆ మాట ఇంకా పెద్దదైంది, ఇంకా మింగాల్సి వచ్చింది.

మారూన్ పండుగనాడు ఊరంతా విత్తింది. వర్దె కూడా విత్తింది. ఇక్కడే ఆమె మీద నాకు ఒళ్ళు మండుతుంది, జాలీ వేస్తుంది. తెలిసి తెలిసి విత్తింది. తానొక్కతే ఆగితే ఎందుకు ఆగావని అడుగుతారు కదా! నానబెట్టిన గింజలు ఒడిలో పోసుకుని, వేలు రెండు కణుపుల లోతున ఒక్కొక్కటీ నొక్కుతూ, ప్రతి గింజకూ 'దేవుడా, ఈ ఒక్క యేడు కాపాడు' అనుకుంది.

"ఏంటే, గింజ గింజకీ జపమాల తిప్పుతున్నావ్?" అన్నాడు ముందు చాలు తీస్తున్న ఖత్తార్.

"నీ కోసమే. నీ చాలు తిన్నగా రావాలని" అంది వర్దె. నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు.

తీగలు బాగా లేచాయి. ఏప్రిల్ నడుమకల్లా మల్బరీ పుల్లల మీదికి పాకి తెల్లగా విరగపూశాయి. ఆ నెల ఇరవై రెండున, పునీత జార్జి పండుగ ముందురోజు సాయంత్రం ఆకాశం మబ్బు తునక లేకుండా తేటపడింది, గాలి స్తంభించింది. పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెల్లారేసరికి లోయ అంచు నుంచి పై మడి దాకా ఒక్క పువ్వు తెల్లగా మిగల్లేదు. ఉడికించిన ఆకుకూరలా వేలాడుతున్నాయి తీగలు.

ఉమ్మ్ అస్సాఫ్‌ను ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే వర్దె తట్టుకోలేక నిజం కక్కేసేదేమో. "దేవుడి పని, నువ్వేం చేస్తావు" అన్నారందరూ. ఆవిడే ఊరుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి గుమ్మంలో నిలబడి, "నా కళ్ళు మోసం చేశాయి, నన్ను క్షమించండి" అని చెప్పుకుంది. చివరికి వర్దె ఇంటికి వచ్చింది. చేతిలో చిన్న గుడ్డమూట ఉంది.

"నా విత్తనం గింజలు. మిగతావాళ్ళకు కింద ద్రాక్షతోటలున్నాయి, మీకా ఒక్క మడే దిక్కు. నా మాట విని పోగొట్టుకున్నారు."

"వద్దు పెద్దమ్మా."

"తీసుకోకపోతే నన్ను క్షమించలేదనుకుంటా."

వర్దె తీసుకుంది. తప్పు చేసినది తాను, చేయని మనిషి వచ్చి క్షమాపణ అడుగుతూ చేతిలో మూట పెడుతోంది. భూమి చీలి తనను మింగేస్తే బాగుండునని ఆమె నిజంగానే కోరుకుంది. ఆ మూటను అటక మీద పెట్టింది. విత్తలేదు, వండలేదు, పారేయలేదు. ప్రతి ఈస్టర్‌కూ ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి కోపం, తిండిపోతుతనం, మొగుణ్ణి గాడిదతో పోల్చడం, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పి వచ్చేది. ఈ ఒక్కటి తప్ప.

ఉమ్మ్ అస్సాఫ్ మళ్ళీ మిద్దె మీద ఆకులు పరచలేదు. రేడియోలో చెప్పే వాతావరణం విని ఎవరికి తోచినట్టు వాళ్ళు విత్తడం మొదలుపెట్టారు. కొందరికి పండింది, కొందరికి మాడింది. రెండో యేడు గడిచాక ఆవిడ జహ్లె పట్నంలో కళ్ళ డాక్టరుకు చూపించుకుంటానంటే వర్దె బస్సులో వెంట వెళ్ళింది. "ఈ వయసులో ఈ చూపా! సూదిలో దారం ఎక్కించొచ్చు నువ్వు" అన్నాడు డాక్టరు. వచ్చేటప్పుడు ఆవిడ బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఊరి మలుపు దగ్గర అంది:

"కళ్ళు కాదన్నమాట. అయితే తల."

ఆ రోజు నుంచి ఆవిడ తనను తానే నమ్మడం మానేసింది. తలుపు గడియ పెట్టానా లేదా అని దారిలోంచి వెనక్కి వచ్చేది. పొయ్యి ఆర్పానా అని పూజ మధ్యలో లేచేది. అన్నిటికంటే ఘోరం, కూర. మధ్యాహ్నం కాగానే గరిటె పట్టుకుని వర్దె పెరట్లోకి వచ్చేది.

"ఉప్పు చూడవే. వేశానో లేదో గుర్తు లేదు."

కొన్నిసార్లు బొత్తిగా ఉప్పుండేది కాదు. కొన్నిసార్లు రెండుసార్లు వేసి ఉప్పు కషాయం చేసేది. ఆ ముసలి ముఖంలోని భయం చూసి వర్దె ప్రతిసారీ ఒకే మాట చెప్పేది: "సరిపోయింది పెద్దమ్మా, బంగారంలా ఉంది." దాన్ని ఆమె దయ అనుకుంది. నిజానికి అది మొదటి అబద్ధానికి పుట్టిన పిల్ల.

ఇలా ఇంకో ఏడాది పైన గడిచింది. బర్షా ముసలిదై చచ్చిపోయింది. జనవరిలో ఒక మధ్యాహ్నం ఉమ్మ్ అస్సాఫ్ గరిటెతో వచ్చి, పొయ్యి పక్కన కూలబడి, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది:

"ఫాదర్‌కు చెప్పేశానే. పాపసంకీర్తనంలో నేనేం చెప్పినా సగమే నమ్మండి బాబూ, ఏ పాపం చేశానో, ఏది మరిచిపోయానో నాకే తెలీట్లేదు అని. పాపాలు మిగుల్చుకుని పోతానేమోనని భయంగా ఉంది."

వర్దె చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది.

"పెద్దమ్మా, నీ తలకేం కాలేదు. ఆ ఉప్పు నాది."

"ఏ ఉప్పు?"

"సిలువ పండుగనాటిది. బర్షా నీ మిద్దెక్కి ఏడు ఆకులు తినేసింది. నువ్వు దాన్ని కోసేస్తావని భయపడి నేను కొత్త ఆకులు పెట్టాను, మా ఆలివ్ ఉప్పు పోశాను. నువ్వు చూసింది నా ఉప్పు."

ఉమ్మ్ అస్సాఫ్ గరిటె ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న వర్దె ఊహించనిది.

"ఏడో ఆకు మీద నా ఉప్పు ఎలా ఉంది? కరిగిందా?"

"తెలీదు పెద్దమ్మా. నేనొచ్చేసరికి తొడిమే మిగిలింది."

"ఊఁ" అంది ఆవిడ. గరిటె వైపు చూసుకుంది. "మరి ఈ కూరలు? ఎన్నిసార్లు సరిపోయింది ఉప్పు?"

వర్దె తల వంచుకుంది.

"నోరు పడిపోయిందా? చెప్పు."

"ఎప్పుడో గాని సరిపోలేదు."

"నా నోటికి కషాయంలా తగిలేదే" అంది ఆవిడ. "నువ్వు బంగారం అనేదానివి. అయితే నా నాలుక కూడా పోయిందనుకున్నా. మేక నా ఆకులు తింది, సరే, అది మేక. మూడేళ్ళు నన్ను కూర్చోబెట్టి తిన్నది నువ్వు."

వర్దె ఆవిడ కాళ్ళు పట్టుకోబోయింది. ఆవిడ వెనక్కి జరిగింది.

"నాకు చెప్పి ఏం లాభం? నేను ఇల్లిల్లూ తిరిగి క్షమించమన్నాను. నువ్వు ఊరందరికీ చెప్పు. అప్పటిదాకా నా గుమ్మం తొక్కకు."

మారూన్ పండుగనాడు పూజ అయ్యాక వర్దె చర్చి మెట్ల మీద నిలబడి చెప్పింది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం ఊరు ఎప్పుడూ వినలేదు. వెనకున్నవాళ్ళు "గట్టిగా చెప్పు" అని అరిస్తే మళ్ళీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. "అంటే ఊరంతా మేక మాట విని విత్తామన్నమాట" అన్నారెవరో. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, ఇద్దరు ముగ్గురు ఆ వేసవంతా ఆమె పలకరింపుకు బదులివ్వలేదు. ఖత్తార్ మాత్రం నవ్వనూ లేదు, తిట్టనూ లేదు. "ఒకే కప్పు కింద ఉండి నాక్కూడా చెప్పలేదా వర్దే" అన్నాడు. అన్నిటికంటే అదే ఆమెకు గట్టిగా తగిలింది.

"పోయింది పోయింది. ఈ యేడు ఎప్పుడు విత్తాలి?" అని ఒక రైతు ఉమ్మ్ అస్సాఫ్‌ను అడిగాడు. అన్ని తలలూ అటు తిరిగాయి.

"నేను ఆకులు పరవలేదు" అంది ఆవిడ శాలువా సర్దుకుంటూ. "ఆమెనే అడగండి. మూడేళ్ళుగా మంచు తప్ప ఇంకో ఆలోచన లేనిది ఆమే."

"నాకు తెలీదు" అంది వర్దె. "నిజంగా తెలీదు. మేం మాత్రం ముసలమ్మ రోజులు పోయాకే విత్తుతాం. కాయ ఆలస్యమైతే అవనీ."

ఊరు సగం ఆగింది, సగం ఆ వారమే విత్తింది. ఏప్రిల్‌లో మంచు రానే వచ్చింది, కాని చలి కిందికి జారి లోయ అంచు మడుల్నే కాల్చింది. ముందుగా విత్తిన పై మడులు బాగానే కాశాయి. కాబట్టి ఎవరు సరి, ఎవరు తప్పు అన్నది మా కాఫీ కబుర్లలో ఇంకా తేలలేదు. వర్దె ఆ యేడు అటక మీది మూట విప్పి ఆ గింజలే విత్తింది. నాలుగేళ్ళ గింజ, మూడింట ఒకటే మొలిచింది. జూన్ మొదట్లో కాయ తెంపి సగం బుట్ట ఉమ్మ్ అస్సాఫ్ గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేసింది. ఆ నాలుగు నెలలూ ఆవిడ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో అడుగుల చప్పుడైంది. ఉమ్మ్ అస్సాఫ్. ఒక చేతిలో మూత పెట్టిన గిన్నె, ఇంకో చేతిలో గరిటె. టమాటా రసంలో మాంసం ముక్కలతో ఉడికిన పచ్చి బఠానీల వాసన.

"ఉప్పు చూడు" అంది.

వర్దె గరిటె అందుకుని కాస్త రసం తీసింది. నాలుక మీద పెట్టుకుంది. పాత అలవాటు మాట పళ్ళ దాకా వచ్చి నిలబడింది. ఆ ముఖం వైపు చూసింది. ఈసారి ఆ ముఖంలో భయం లేదు. గుచ్చి గుచ్చి చూస్తోంది.

"ఉప్పు లేదు పెద్దమ్మా."

"తక్కువైందా?"

"తక్కువ కాదు. అసలు లేదు."

"నేను వేయలేదు" అంది ఉమ్మ్ అస్సాఫ్. గిన్నెను గట్టు మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ పీట మీద కూర్చుంది. "వేయలేదని నాకు తెలుసు. నీ ఉప్పు తీసుకురా."

వర్దె లోపలికి వెళ్ళి ఆలివ్ జాడీ పక్కనున్న గల్లుప్పు తెచ్చింది. ఏడుపుతో చూపు ఆనక, ఎంత తీస్తోందో తెలియక, చిటికెడు వేసి ఆగిపోయింది. ఉమ్మ్ అస్సాఫ్ గరిటెతో కలిపి, రుచి చూసి, కాసేపు ఆలోచించింది.

"ఇంకొంచెం వెయ్యి" అంది.